ఉన్న చెయ్యి, పోయిన కాలు

పోయిన కాలిని చూసి కుళ్ళుకునే మనిషి ఎక్కడైనా ఉంటుందా? ఉంది. చొక్కాలు కుట్టే కంపెనీలో కటింగ్ మాస్టరుగా పనిచేసిన ఆవిడ. అక్కడ చిన్నా పెద్దా అందరికీ ఆవిడ మాస్టరక్కే. తనతోపాటే ప్రమాదంలో దెబ్బలు తగిలిన 'గుండీలు' అనే పిల్ల కాలి మీద ఆవిడ కన్ను పడింది. అదీ మోకాలి పైదాకా తీసేసిన కాలి మీద.

గుండీలు అంటే గుండీలు కుట్టే అమ్మాయి. మాస్టరక్క కన్నా బాగా చిన్నది, అన్నావదినల ఇంట్లో ఉండేది. నోరు ఊరుకునేది కాదు. సూది పళ్ళ మధ్య పెట్టుకుని కూడా నవ్వించేది. మాస్టరక్క తీరు వేరు. బల్ల ముందు నిలబడిందంటే చుట్టూ గాలి కూడా మెల్లగా కదలాలి. గుడ్డ పొర మీద పొర పరిపించి, సుద్దతో గీతలు గీసి, కటింగ్ మిషను పట్టుకుని ఒక్క ఊపులో భుజం వంపు తిప్పేది. అడుగు పొరకీ పై పొరకీ నూలుపోగంత తేడా ఉండేది కాదు. చెయ్యి తిరిగిన మనిషి. ఖరీదైన గుడ్డ తాను వస్తే యజమాని స్వయంగా పైకి వచ్చి, "ఇది ఇంకెవరికీ ఇవ్వకమ్మా, నువ్వే కొయ్యి" అని చెప్పి వెళ్ళేవాడు. ఆ మాట చుట్టుపక్కల వాళ్ళకు వినపడిందో లేదో అని మాస్టరక్క ఓరకంట చూసుకునేది. ఇంట్లో పాల వ్యాను నడిపే భర్త, చదువుకుంటున్న కూతురు. నిజం చెప్పాలంటే ఆ ఇల్లు నిలబడింది ఆ కుడిచెయ్యి మీదే.

తానులు కింద గోదాములో ఉండేవి, కోత మూడో అంతస్తులో. మధ్యలో సామాన్ల లిఫ్టు. దాని పక్కన గోడకి 'మనుషులు ఎక్కరాదు' అని ఒక బోర్డు ఉండేది. ఆ బోర్డు మేకుకే సూపర్‌వైజరు తన భోజనం సంచీ తగిలించుకునేవాడు. సంచీ వెనక ఏం రాసి ఉందో కొత్తగా చేరినవాళ్ళకి తెలిసేది కూడా కాదు. ఎవరైనా మెట్లెక్కుతుంటే కేకలేసేవాడు: "అలా నడుచుకుంటూ పోతే ఆర్డరు ఎప్పటికయ్యేను? లిఫ్టు దేనికుంది?"

ఆ రోజు మాస్టరక్క తానులు ఏరుకోవడానికి కిందికి దిగింది. ఏరినవి లిఫ్టులో పెట్టించి తనూ ఎక్కింది. గుండీల డబ్బా చంకలో పెట్టుకుని గుండీలు అప్పుడే మెట్ల వైపు వెళ్తోంది.

"ఆ మెట్లెక్కి మోకాళ్ళు అరగ్గొట్టుకుంటావేంటే? రా" అని పిలిచింది మాస్టరక్క.

గుండీలు వచ్చి తానుల పక్కన ఇరుక్కుని నిలబడింది. లిఫ్టు రెండో అంతస్తు దాటాక పైన ఏదో తెగిన చప్పుడైంది. ఆ తర్వాత కాళ్ళ కింద ఏమీ లేదు. మాస్టరక్క ఆసరా కోసం పక్క గోడకున్న ఇనుప జాలీ పట్టుకుంది. శరీరం కిందికి పోయింది, చెయ్యి కాసేపు పైనే ఉండిపోయింది. కింద పడ్డాక తానులన్నీ వచ్చి గుండీలు కాలి మీద కూర్చున్నాయి.

ఆసుపత్రిలో పక్కపక్క మంచాలు. గుండీలు కాలు తీసేశారు. మాస్టరక్కకు భుజం మీద చిన్న గాయం, అంతే. డాక్టరు మాత్రం ఆవిడ మంచం దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాడు.

"నరాలు మెడ దగ్గర మొదలంటా ఊడొచ్చాయమ్మా. చెయ్యి ఉంటుంది. పనిచేస్తుందని మాత్రం నేను చెప్పలేను."

చూడటానికి వచ్చినవాళ్ళకు ఈ సంగతి ఎలా తెలుస్తుంది? గుండీలు మంచం మీద దుప్పటి కాలుండాల్సిన చోట చదునుగా పడి ఉండేది. అది చూడగానే కొంగులు కళ్ళ దగ్గరికి వెళ్ళేవి. అక్కడ ఏడవాల్సింది ఏడ్చి, ముక్కు చీదుకుని, ఇటు తిరిగి, "నువ్వు అదృష్టవంతురాలివమ్మా, గండం గడిచింది" అనేవాళ్ళు. గుండీలు కోసం తెచ్చిన పళ్ళు గుండీలు తినలేదని మాస్టరక్క మంచం మీద కూర్చుని ఒలుచుకుని తినేవాళ్ళు. అదృష్టం అనే మాట విన్నప్పుడల్లా మాస్టరక్క నవ్వేది. కొన్నాళ్ళకి నవ్వడం మానేసింది. ఇంకొన్నాళ్ళకి ఆ మాట ఎవరైనా అంటారేమోనని ముందే మొహం తిప్పుకునేది.

ఇంటికి వచ్చాక ఆ చెయ్యి ఆరేసిన చొక్కా చేతిలా వేలాడేది. వేడి గిన్నె తగిలినా తెలిసేది కాదు, చర్మం కాలిన వాసన వస్తే గానీ తెలిసేది కాదు. కానీ ఏ నిప్పూ తగలకుండానే లోపల ఎముక మండేది. తాకితే తెలియని చెయ్యి అంతలా ఎలా మండుతుందో ఎవరికీ చెప్పలేకపోయింది. కూతురు జడ వేసేది. జాకెట్టు హుక్కులు పెట్టడం భర్త నేర్చుకున్నాడు, తల పక్కకి తిప్పుకుని, సిగ్గుపడుతూ. పక్కింటావిడ గుమ్మంలో నిలబడి, "చెయ్యి బానే ఉందిగా వదినా. ఊరికే పెట్టుకోకుండా తిప్పుతూ ఉండు, అదే దారికొస్తుంది" అని సలహా చెప్పేది. మాస్టరక్క లోపలికి వెళ్ళి ఎడమచేత్తో కుడిచేతిని గిచ్చేది. గోరు దిగి రక్తం వచ్చేదాకా గిచ్చేది. అదేదో పక్కింటి వాళ్ళ చెయ్యైనట్టు ఊరుకునేది ఆ చెయ్యి.

యజమాని మొదట్లో ఆసుపత్రి బిల్లు కట్టాడు, తర్వాత చేతులెత్తేశాడు. ఇక బీమా కంపెనీ చూసుకుంటుందన్నాడు. బీమా కంపెనీ వాళ్ళు కోర్టులో తేల్చుకోమన్నారు. అప్పుడు భర్తే వెతికి వెతికి ఒక లాయరమ్మను పట్టుకున్నాడు. ఒకే లిఫ్టు, ఒకే ప్రమాదం కాబట్టి రెండు కేసులూ కలిపి నడుపుతానంది ఆవిడ. అక్కడినుంచి మాస్టరక్క, గుండీలు ఎక్కడికి వెళ్ళినా జంటగా వెళ్ళాల్సి వచ్చింది. అసలు తంటా అక్కడే మొదలైంది.

లాయరమ్మ ఆఫీసులోకి వెళ్ళగానే గుండీలుకు సోఫా. "కాలు చాపుకో, ఫరవాలేదు" అనేది ఆవిడ. మాస్టరక్క నిలబడి ఉంటే, "మీకు కాళ్ళు బానే ఉన్నాయి కదండీ, ఆ స్టూలు లాక్కోండి" అనేది. తప్పుగా అనలేదు. కానీ ఒంటిచేత్తో స్టూలు లాక్కుంటూ, నేల మీద అది చేసిన చప్పుడు వింటూ, మాస్టరక్క పళ్ళు కొరుక్కుంది.

కేసు కోసం ఫోటోలు తీశారు. గుండీలు ఫోటో చూసి ఫోటోగ్రాఫరే ఒక నిట్టూర్పు విడిచాడు. మాస్టరక్క ఫోటోలో చెయ్యి చక్కగా, నున్నగా, బల్ల మీద ఆనించి ఉంది. గాజు తొడిగితే నగల కొట్టువాడు బోర్డు మీద వేయించుకోవచ్చు.

"ఇందులో ఏమీ కనపడటం లేదు" అంది మాస్టరక్క.

"ఏం చేద్దామండీ, ఉన్నదే వస్తుంది ఫోటోలో" అన్నాడతను.

డాక్టర్ల పరీక్షా అంతే. గుండీలు కర్రల మీద లోపలికి వెళ్ళింది, బయటికి వచ్చింది. పోయిన కాలికి రుజువు ఏం కావాలి? మాస్టరక్కను మాత్రం సూదులతో పొడిచారు, తీగలు తగిలించారు, "గట్టిగా పట్టుకో అమ్మా" అన్నారు.

"పట్టుకోలేనండి."

"ప్రయత్నం చెయ్యి. నువ్వు ప్రయత్నం చెయ్యటం లేదు."

బీమా కంపెనీ పంపిన డాక్టరు, తల్చుకుంటే కొంత పని చేసుకోగలదని రాశాడట. ఆ మాట లాయరమ్మ చదివి వినిపించిన రోజు మాస్టరక్క చూపు పక్కన కూర్చున్న గుండీలు కాలి మీదికి పోయింది. చీర అంచు కింద ఖాళీ. నేల కనపడుతోంది. ఎంత సాఫీగా ఉంది, ఎంత అనుమానానికి తావు లేకుండా ఉంది అనుకుంది. నా చెయ్యీ అలా తెగి ఉంటే ఎవడు నోరెత్తేవాడు? ఛీ, ఏం ఆలోచన ఇది అనుకుంది. కానీ ఒకసారి లోపలికి వచ్చిన ఆలోచన పొమ్మంటే పోలేదు. చాప వేసుకుని కూర్చుంది.

కోర్టు మెట్లు నిటారుగా ఉండేవి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. మొదటి వాయిదాకి గుండీలు కర్రలతో ఎక్కబోయి తూలింది. వ్యానులో ఇద్దర్నీ దించిన మాస్టరక్క భర్త, "ఉండమ్మా, పడతావు" అని, ఇంకో మాట లేకుండా ఆ పిల్లను రెండు చేతుల మీదా ఎత్తుకుని మెట్లెక్కేశాడు. పాల క్యాన్లు ఎత్తి ఎత్తి బలపడ్డ చేతులు. గుండీలు మొదట బిక్కచచ్చిపోయి, తర్వాత నవ్వింది.

"బావగారూ, నేను క్యాను కన్నా బరువా, తేలికా?"

"నిండు క్యాను కన్నా తేలికే."

"అయితే ఖాళీ క్యానంటారా నన్ను?"

చుట్టూ ఉన్న నల్లకోట్లు కూడా నవ్వారు. వెనక మాస్టరక్క గుండీలు కర్రల్ని ఎడమ చంకలో ఇరికించుకుని, కాగితాల సంచీ పళ్ళతో పట్టుకుని ఎక్కుతోంది. పెళ్ళైన నాటినుంచి ఆయన తననెప్పుడైనా అలా ఎత్తుకున్నాడా? వెతికి చూసింది. లేదు. అక్కాబావల వరస కలిపిన పాపానికి ఇప్పుడు సరసం కూడానా?

ఇంటికొచ్చాక అడగనే అడిగింది. "అక్కడ మోసేవాళ్ళే లేరా, మీరే దొరికారా?"

"పాపం, ఆ పిల్ల పడిపోయేది కదే."

"నా నోట్లోంచి సంచీ జారి కాగితాలన్నీ కింద పడ్డాయి. అది కనపడలేదా?"

"నువ్వు చెప్పలేదుగా" అన్నాడాయన, నిజంగానే అర్థంకాక.

చెప్పాలి. తనది ఏదైనా చెప్తేనే తెలుస్తుంది. గుండీలు చెప్పక్కర్లేదు. మాస్టరక్క మంటంతా ఆ ఒక్క ముక్కలో ఉంది.

కూతురు కూడా అటే. గుండీలును పిన్నీ అని పిలవడం మొదలుపెట్టింది. ఎవరో దానం చేసిన కృత్రిమ కాలు గుండీలుకు వచ్చినప్పుడు, నడక నేర్పడానికి సాయంత్రాలు తనే వెళ్ళేది. వచ్చి కబుర్లు చెప్పేది. "అమ్మా, పిన్ని ఏమందో తెలుసా? ఈ కాలికి దోమలు కుట్టవుట, సగం రక్తం మిగులుతోందిట!" అని పడీ పడీ నవ్వింది. మాస్టరక్క అన్నం ముద్ద ఎడమచేత్తో కలపలేక కంచం చుట్టూ చిమ్ముకుంటోంది. అది చూసి కూతురు నవ్వు ఆపేసి, చెంచా తెచ్చిచ్చింది. ఆ ఆగిన నవ్వు కూడా మాస్టరక్క లెక్కలో గుండీలు ఖాతాలోనే పడింది. జోకులు దానికి, ఊరుకోవడం నాకు.

సరిగ్గా అలాంటి రోజుల్లో బీమా మనిషి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు. ఇంట్లో మాస్టరక్క ఒక్కతే ఉంది. చెప్పులు గుమ్మం బయటే విడిచి, కూర్చోమనేదాకా కూర్చోలేదు.

"మీ చెయ్యి ఎలా ఉందమ్మా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న అంత మెల్లగా, జవాబు కోసం ఆగి, ఎవరూ అడగలేదు. మాస్టరక్క చెప్పింది. లోపలి మంట గురించి, కలలో కత్తెర పట్టుకోవడం గురించి, పొద్దున్నే లేవగానే అది కల అని తెలియడం గురించి చెప్పింది. అతను తల ఊపుతూ అంతా విన్నాడు. ఫోను బల్ల మీద పెట్టి, "గుర్తుంచుకోవడానికి రికార్డు చేసుకుంటానమ్మా, అభ్యంతరం లేదుగా?" అన్నాడు. లేదంది.

"పాపం ఆ రెండో అమ్మాయికి కాలే పోయింది" అన్నాడు అప్పుడు. "అందరూ ఆవిడ గురించే చెప్తున్నారు. ఆవిడే మిమ్మల్ని లిఫ్టు ఎక్కించిందా?"

అబద్ధం ఆవిడ తయారుచేసుకోలేదు. అతను పళ్ళెంలో పెట్టి ఇచ్చాడు, ఆవిడ తీసుకుంది.

"దానికి అన్నిటికీ తొందరే. నేను వద్దన్నాను. సామాన్ల లిఫ్టే, ఎక్కకూడదే అన్నాను. వింటుందా? నవ్వుతూ ఎక్కింది. ఒక్కతీ పోతోందని నేనూ ఎక్కాను."

"అంటే ఎక్కకూడదని బోర్డు ఉన్న సంగతి మీకు తెలుసు."

"తెలియకేం? అందరికీ తెలుసు."

అతను ఫోను జేబులో పెట్టుకుని, నమస్కారం చేసి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. ఆ పూట మాస్టరక్కకి చాలా రోజుల తర్వాత ఆకలేసింది. గుండీలు అంటే ఏమిటో ఒక్క మనిషికైనా తెలిసింది కదా అనిపించింది. మర్నాటికి ఆ ఆకలి పోయింది. గుమ్మంలో అడుగుల చప్పుడైతే చాలు, ఉలిక్కిపడేది. భర్తకి ఒక్క ముక్కా చెప్పలేదు.

తర్వాతి వాయిదాలో బీమా కంపెనీ లాయరు ఆ రికార్డు వినిపించాడు. మాస్టరక్క తన గొంతు తనే వింది. "వింటుందా? నవ్వుతూ ఎక్కింది." చెడిపోయిన పాలలా పుల్లగా ఉంది ఆ గొంతు. సాక్ష్యానికి వచ్చిన సూపర్‌వైజరు గోడకి ఆనుకుని, కాళ్ళు మార్చుకుని, హాయిగా నిలబడ్డాడు. భర్త తలొంచుకున్నాడు. గుండీలు మాత్రం మాస్టరక్క వైపు చూసింది. కోపంగా కాదు. ఎవరో తెలియని మనిషి తన పేరు పెట్టి పిలిస్తే చూస్తారే, అలా చూసింది.

వరండాలో లాయరమ్మ మండిపడింది. "ఏం చేశారో తెలుస్తోందా మీకు? ఎక్కకూడదని తెలిసి ఎక్కారని మీ నోటితో మీరే చెప్పారు. ఆ అమ్మాయి కేసు ఒక్కటే మునుగుతుందనుకున్నారా? ఇద్దరూ ఒకే లిఫ్టులో ఉన్నారండీ!"

గుండీలును వ్యానులోంచి ఇంటి ముందు దించేటప్పుడు భర్త అలవాటుగా చెయ్యందించబోయాడు. గుండీలు, "వద్దు బావగారూ, నే దిగుతా" అని కర్రలు ముందు కింద పెట్టి, తర్వాత ఆ కొత్త కాలు, తర్వాత తన కాలు పెట్టి దిగింది. ఒక్క జోకు కూడా వెయ్యలేదు.

భర్త కోప్పడితే బాగుండునని మాస్టరక్క ఎదురుచూసింది. ఆయన రోజూలాగే హుక్కులు పెట్టాడు, తల పక్కకి తిప్పుకుని. ఈసారి ఆ తిప్పుకోవడం సిగ్గుతో కాదని ఆవిడకి తెలుసు.

కొన్నాళ్ళకి తనే గుండీలు ఇంటికి వెళ్ళింది. అంతకుముందు ఎప్పుడూ వెళ్ళలేదు. వెనక పక్క చిన్న గది. వదిన తలుపు చూపించి లోపలికి వెళ్ళిపోయింది. గది ఎత్తు గడప దాటడానికి గుండీలు గోడకి ఒక తాడు కట్టుకుంది. గోడ పక్కన అన్నం కంచం మూత పెట్టి ఉంది. మంచం మీద నుంచి చేతికి అందని దూరంలో ఉంది. పట్టించుకోకుండా పెట్టిపోయిన కంచం అది. మంచం కింద కృత్రిమ కాలు, దానికి మేజోడు.

"చూశావుగా, వెళ్ళు" అంది గుండీలు.

"నేను... ఎందుకలా అన్నానో..."

"ఎందుకన్నావో నాకు తెలుసులే అక్కా. నువ్వు నా కాలి వంక ఎలా చూస్తావో నేను చూడలేదనుకున్నావా? వడ్డించిన విస్తరి వంక చూసినట్టు చూస్తావు." గుండీలు గొంతు లేచింది. "తీసుకో! కావాలంటే తీసుకో. నీకు జడ వేసే కూతురుంది. హుక్కు పెట్టే మొగుడున్నాడు. వీధిలో నడిచి పోతావు, బజారుకి పోతావు. నేను నీళ్ళ గదికి పోవాలంటే మా వదిన మూడ్ చూసుకోవాలి. బావగారు నన్ను ఎత్తుకుంటే నీకు మండిందా? ఆ ఎత్తుకున్నప్పుడు నాకెంత చచ్చిపోవాలనిపించిందో తెలుసా? అందుకే నవ్వించా. నవ్వకపోతే ఏడవాలి."

మాస్టరక్క వెళ్ళి కంచం ఎత్తి మంచం మీద పెట్టబోయింది. ఒంటిచేతిలో అది ఒరిగింది, కూర దుప్పటి మీద పడింది. గుండీలు ఆ మరకను చూసింది గానీ కసరలేదు, నవ్వలేదు.

"రేపు వాయిదాలో ఏమడిగినా ఉన్నదే చెప్తా. నిన్ను కాపాడటానికి ఒక్క ముక్క చెప్పను. ఇక వెళ్ళు."

అన్నట్టే చేసింది. బోనులో కుర్చీ వేయించి కూర్చోబెట్టారు. మాస్టరక్క వద్దంటున్నా నువ్వే ఎక్కావు కదా అని బీమా లాయరు అడిగాడు.

"లేదండి. వద్దనలేదు, రమ్మంది. మెట్లెక్కబోతుంటే తనే పిలిచింది."

హాలులో గుసగుసలు. మాస్టరక్క కళ్ళు మూసుకుంది.

"అంటే ఆవిడే మిమ్మల్ని ప్రమాదంలోకి లాగిందన్నమాట?"

"అదేం మాటండీ?" అంది గుండీలు. "రోజూ అందరం అందులోనే ఎక్కుతాం. మెట్లెక్కితే సూపర్‌వైజరు గారు తిడతారు. ఆ బోర్డు మేకుకి ఆయన సంచీ వేలాడుతుంటుంది, ఎవరికి కనపడుతుంది? నన్ను మెట్లు తప్పిద్దామని పిలిచింది అక్క. తాడు తెగుతుందని తెలిస్తే తనెందుకెక్కుతుంది?"

తర్వాత మాస్టరక్కని పిలిచారు. ఏం చెప్పాలో లాయరమ్మ అంతకుముందే నేర్పింది: మందుల మత్తులో ఉన్నాను, అతను ఏమడిగాడో అర్థం కాలేదు అని చెప్పమంది. మాస్టరక్క బోను ఎక్కి కమ్మీ ఎడమచేత్తో పట్టుకుంది.

"ఆ రోజు ఆ మాటలు మీరే అన్నారా?" అని జడ్జిగారు అడిగారు.

"నేనేనండి. అబద్ధం చెప్పాను."

లాయరమ్మ కలం కింద పడేసింది.

"ఎందుకు?"

"కుళ్ళు అండి."

జడ్జిగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "కుళ్ళా? ఎవరి మీద?"

"ఆ అమ్మాయి మీద. కాలు పోయిందని."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. మాస్టరక్క ఇంక ఆగలేదు. చిన్నప్పుడు కూడా అంతలా ఎవరి ముందూ మాట్లాడి ఉండదు.

"దాని కాలు పోయిందని అందరికీ కనపడుతుందండి. ఎవరూ పొడిచి చూడరు. నా చెయ్యి పోయింది, ఎవరికీ కనపడదు. చచ్చిన చేతిని మెడకి కట్టుకుని తిరుగుతున్నాను. దానికి స్నానం చేయించాలి, చొక్కా తొడగాలి, గోళ్ళు తీయాలి. కొయ్యమంటే కొయ్యదు, పట్టుకోమంటే పట్టుకోదు, మండటం మాత్రం మానదు. నటిస్తున్నానని డాక్టరు రాశాడు. అందరూ అదృష్టవంతురాలివన్నారు. దాన్ని చూస్తే నాకు ఎంత మండేదంటే, నా చెయ్యి కూడా ఎవరైనా నరికేస్తే బాగుండునని అనుకున్నానండి. ఆ కుళ్ళులో చెప్పాను. పిలిచింది నేనే. ఆ పిల్ల తప్పేమీ లేదు."

అబద్ధపు సాక్ష్యం ఎంత నేరమో చెప్పి జడ్జిగారు గట్టిగా మందలించారు. తర్వాత ఆ చెయ్యి బోను కమ్మీ మీద పెట్టి చూపించమన్నారు. మాస్టరక్క ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి కమ్మీ మీద పెట్టింది. వదలగానే అది జారి పక్కకి పడింది.

తానులు మోసే ఆయన వచ్చి, లిఫ్టు తాడు పోగులు లేచిపోయాయని తను చాలాసార్లు చెప్పానని, సూపర్‌వైజరే మనుషుల్ని ఎక్కించేవాడని సాక్ష్యం చెప్పాడు. ఇంకా కొన్ని వాయిదాలు నడిచాక తీర్పు వచ్చింది. తప్పు యజమానిదే, పరిహారం బీమా కంపెనీ కట్టాలి, ఇద్దరికీ. ఉన్నట్టు కనపడినంత మాత్రాన ఆ చెయ్యి ఉన్నట్టు కాదని జడ్జిగారు తీర్పులో రాశారు. లాయరమ్మ ఆ వాక్యం చదువుతుంటే భర్త కళ్ళు తుడుచుకున్నాడు. తన అబద్ధం వల్ల కేసు సాగినందుకు మాస్టరక్కకి కోర్టు ఖర్చులు ఇవ్వలేదు. గుండీలుకి వచ్చింది ఆవిడకన్నా ఎక్కువే.

ఎక్కువ అని వినగానే మాస్టరక్క చూపు మళ్ళీ ఆ కాలి మీదికి పోయింది. కోర్టులో అందరి ముందూ ఒప్పుకున్నంత మాత్రాన కుళ్ళు పోతుందా? పోలేదు. కాకపోతే ఇప్పుడు దాని మొహం తెలుసు. వచ్చినప్పుడు గుర్తుపట్టేది.

ఆ డబ్బుతో గుండీలు తన అన్నగారి ఇల్లు వదిలి, రోడ్డు మీద గడప లేని గది ఒకటి చూసుకుని, కుట్టు దుకాణం పెట్టింది. ఇద్దరికీ మాటల్లేవు. మాస్టరక్క అటు వెళ్ళాల్సి వస్తే ఎదుటి పక్కన నడిచేది. నడుస్తూనే ఓరకంట చూసేది: కొత్త మిషన్లు, అద్దాల బీరువా, కోతకి కొత్త మాస్టరు. కుర్రవాడేం కాదు, నడివయసు మనిషి. అతని కుడిచేతిలో కత్తెర ఆడుతుంటే మాస్టరక్కకి ఈసారి గుండీలు మీద కాదు, అతని మణికట్టు మీద మండింది.

ఒక రోజు బీరువాలో ఒక తెల్ల చొక్కా వేలాడుతోంది. భుజం కోత చూసి మాస్టరక్క కాళ్ళు ఆగిపోయాయి. రోడ్డు దాటి లోపలికి వెళ్ళిపోయింది.

"ఈ భుజం ఎవరు కోశారే? చెయ్యెత్తితే చొక్కా అంతా చెవుల దాకా వస్తుంది!"

గుండీలు సూది పళ్ళ మధ్య నుంచి తీసింది. మాస్టరు మొహం ఎర్రబడింది.

"మూడు వాపసు వచ్చాయి" అంది గుండీలు, పొడిగా. "ఎందుకో మాకు తెలియలేదు."

"సుద్ద ఇటివ్వు."

ఎడమచేత్తో గీసిన గీత వంకరగా వచ్చింది. చెరిపి మళ్ళీ గీసింది. అదీ వంకరే. మాస్టరు చేతికి సుద్ద ఇచ్చి, పక్కన నిలబడి వేలితో చూపించింది. "ఇక్కడ లోపలికి తగ్గు. ఆఁ, ఆగు. అంత కాదు." అతను గీశాడు, కోశాడు. ఆ కత్తెర చప్పుడు ఆగేదాకా ఆవిడ కళ్ళు గుడ్డ మీదనుంచి తియ్యలేదు.

మర్నాడు మళ్ళీ వెళ్ళింది. రమ్మని గుండీలు అనలేదు, వద్దనీ అనలేదు. వారం తిరిగేసరికి బల్ల పక్కన ఆవిడ కోసం ఒక కుర్చీ వేసి ఉంది. క్షమించానని గుండీలు నోటితో ఎప్పుడూ అనలేదు. మాస్టరక్కా అడగలేదు.

సాయంత్రాలు ఆవిడను తీసుకెళ్ళడానికి భర్త వ్యాను ఆపుకుని లోపలికి వచ్చేవాడు. ఒకసారి గుండీలు ఏదో అంటే ఆయన కౌంటరు మీద చెయ్యి కొట్టి మరీ నవ్వుతున్నాడు. బల్ల దగ్గర నుంచి మాస్టరక్క గొంతు వినపడింది.

"ఏవండీ, వ్యాను రోడ్డుకి అడ్డంగా ఉంది. ముందు అది తీయండి."

"పక్కకే పెట్టాను కదే."

"అడ్డంగానే ఉంది."

"వెళ్ళండి బావగారూ వెళ్ళండి" అంది గుండీలు, దారం తెంపుతూ. "అక్క ఒంటికాలి మీద లేస్తోంది. అది నేను చెయ్యాల్సిన పని."

మాస్టరు నవ్వొచ్చి తల వంచుకున్నాడు. మాస్టరక్క నవ్వలేదు. కుడిచేతిని ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, "ఏంటి చూస్తున్నావు, కాలరుకి పట్టీ కొయ్యి" అని అతన్ని గదిమింది.